సీడీ అంచుకు ఆకుపచ్చ రంగు పూయాలా? కాంతిని ఆపే సరంజామాలో ఏది కొనాలి, ఏది మానాలి

ఒక సంక్రాంతి సెలవుల్లో మా బావ వచ్చేసరికి నేను పాత కచేరీ సీడీల దుమ్ము దులుపుతూ కూర్చున్నాను. సంచిలోంచి ఒక ఆకుపచ్చ మార్కర్ తీసి, "ఒరేయ్, ఆ వీణ సీడీ ఇటివ్వు. అంచుకు రంగేస్తాను, తీగ ఎలా మోగుతుందో విందువుగాని" అన్నాడు. "బావా, అది మళ్ళీ దొరకదు. ఇంకేదైనా తీసుకో, దాని జోలికి మాత్రం పోకు" అన్నాను. చివరికి రెండు కాపీలున్న ఓ సినిమా పాటల సీడీ బలైంది. బావ దాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని, గాజుల బేరానికి వచ్చినవాడిలా తిప్పుతూ అంచంతా రంగు పూశాడు. ప్లేయర్‌లో పెట్టాడు. "విన్నావా? మృదంగం ఎంత విడిగా వినిపిస్తోందో!"

నాకూ వినిపించినట్టే అనిపించింది. అదే ఇక్కడ అసలు చిక్కు.

సీడీలో చెల్లాచెదురయ్యే కాంతిని ఆపితే ధ్వని బాగుపడుతుందన్న మాట 1990 ప్రాంతం నుంచీ తిరుగుతోంది. ఆకుపచ్చ పెన్నులు, నల్ల మ్యాట్లు, అంచుకు అంటించే రింగులు, అంచును ఏటవాలుగా చెక్కే యంత్రాలు, ఇంట్లోనే రాసుకునే నల్లటి ఖాళీ సీడీలు (సీడీ-ఆర్‌లు), పైన రుద్దే ద్రవాలు... సరుకు చాలానే ఉంది. ఈ మధ్య మళ్ళీ సీడీలు బయటికి తీస్తున్నవాళ్ళు ఎక్కువవడంతో ఈ ప్రశ్న కూడా తిరిగొచ్చింది. ఏది ఎంచుకోవాలో చూసేముందు, ఆ లోపల జరిగేది ఏమిటో కాస్త చూడాలి. అది తెలిస్తే సగం సరంజామా దానంతటదే పక్కకు పోతుంది.

## లేజర్ చూసేది వేరు, మన కన్ను చూసేది వేరు

సీడీని చదివే లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. అంటే ఇన్‌ఫ్రారెడ్. మన కంటికి దాదాపుగా కనిపించదు. అది కింది నుంచి వచ్చి 1.2 మిల్లీమీటర్ల మందమున్న పాలీకార్బనేట్ ప్లాస్టిక్‌ను దాటి, లేబుల్ వైపున్న పలుచటి అల్యూమినియం పొర మీద పడి వెనక్కి వస్తుంది. ఆ పొరలో సన్నటి గుంటల వరస చుట్లు చుట్లుగా ఉంటుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. డిస్క్ కింది ముఖం మీద లేజర్ వెడల్పు సుమారు 0.8 మిల్లీమీటర్లు, లోపలి పొర చేరేసరికి అది రెండు మైక్రోమీటర్లకు లోపు చుక్కగా కుదించుకుపోతుంది. కింది ముఖం మీద ఓ దుమ్ము కణం పడినా పాట ఆగకపోవడానికి కారణం ఇదే. ఆ కణం లేజర్‌కు మసకగానే కనిపిస్తుంది.

గుంటల మీద పడ్డ కాంతి అంతా బుద్ధిగా లెన్స్‌లోకే తిరిగి రాదు, నిజమే. కొంత పక్కలకు చెదురుతుంది. అందులో బాగా ఏటవాలుగా వెళ్ళేది ప్లాస్టిక్ లోపలే చిక్కుకుని, పై ముఖానికీ కింది ముఖానికీ తగులుతూ అంచుదాకా పోగలదు. అంచు దగ్గర కొంత వెనక్కి తిరగగలదు కూడా. కాబట్టి పెన్ను అమ్మేవాళ్ళ కథ మొత్తం కల్పన అనడం సరికాదు. ఆ కాంతి తిరిగొచ్చి చేసే చెడు ఎంత అన్నదే అడగాలి. లెన్స్ చూపు ఆ చిన్న చుక్క మీద ఉంటుంది. అంచు నుంచి తిరిగొచ్చేది ఏ మూల నుంచో వచ్చే మసక వెలుగు. పైగా ప్లేయర్ లెక్కలోకి తీసుకునేది కాంతి ఎంత ఉందని కాదు, ఎప్పుడెప్పుడు మారుతోందని. డిస్క్ మీద నుంచి సెకనుకు 43 లక్షలకు పైగా బిట్లు, అంటే సున్నా, ఒకటి అంకెలు, వస్తుంటాయి. దాని పక్కన స్థిరంగా ఉండే మసక వెలుగు, తిరునాళ్ళలో దూరంగా మోగే ఈల లాంటిది.

ఆ పైన తప్పులు దిద్దే పద్ధతి ఉంది. 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి రాసుకున్న ప్రమాణంలోనే అది భాగం. ఒక పాటలోని డేటాను పక్కపక్కన రాయకుండా ముక్కలు చేసి, దూరదూరంగా చల్లి, వాటితో పాటు సరిచూసుకునే అంకెలు కలిపి రాస్తారు. దీనివల్ల ట్రాక్ పొడవునా దాదాపు 2.5 మిల్లీమీటర్ల మేర డేటా పూర్తిగా చెడినా ప్లేయర్ దాన్ని అంకె పొల్లుపోకుండా తిరిగి కట్టేస్తుంది. ఊహించి పూడ్చడం కాదు, అచ్చం అదే అంకెను తిరిగి రాబట్టడం. అంతకు మించి చెడితేనే పక్కనున్న ధ్వని అంకెలను చూసి అంచనా వేస్తుంది. అదీ కుదరకపోతే మూగబోతుంది, లేదా టక్‌మని దూకుతుంది.

ఇక్కడ నాకు తట్టిన ఒక సంగతి చెబుతాను. సీడీని లోపలి నుంచి బయటికి చదువుతారు. డేటా కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర మొదలై, నిండు డిస్క్‌లో 58 మిల్లీమీటర్ల దాకా పోతుంది. అంచు 60 దగ్గర. అంటే మొదటి పాట చదివేటప్పుడు లేజర్ అంచుకు మూడున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. చివరి పాటకు రెండు మిల్లీమీటర్ల దూరంలో. అంచు నుంచి వచ్చే కాంతే దోషమైతే, పెన్ను వల్ల లాభం చివరి పాటల్లో ఎక్కువగా, మొదటి పాటలో దాదాపు లేనట్టుగా ఉండాలి. ఆ తేడా విన్నామన్న మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. మా బావ మృదంగం మెరుగుదల విన్నది మొదటి పాటలోనే.

## ఏ గీటురాళ్ళతో చూడాలి

నేను ఏ వస్తువునైనా ఐదు ప్రశ్నలతో చూస్తాను. 780 నానోమీటర్ల దగ్గర అది నిజంగా కాంతిని ఆపుతుందా? తీసేయాలనుకుంటే డిస్క్ ముందున్నట్టే ఉంటుందా? ప్లేయర్‌కు ప్రమాదం ఉందా? చదివిన బిట్లు మారుతున్నాయా, దాన్ని ఇంట్లోనే తేల్చుకోగలమా? ఆ డబ్బుతో ఇంకేం చేసినా ఇంతకంటే ఎక్కువ దక్కుతుందా?

వీటిలో రెండోది, మూడోది మిగతావాటికంటే బరువైనవి. ధ్వని బాగుపడకపోతే పోయేది కొంచెం డబ్బు. డిస్క్ పాడైతే కొన్నిసార్లు ఆ రికార్డింగే పోతుంది.

## ఆకుపచ్చ పెన్ను

అన్నిట్లోకీ చవక, అందుకే అన్నిట్లోకీ ప్రసిద్ధం. ఆకుపచ్చే ఎందుకంటే, ఎరుపును ఆకుపచ్చ మింగుతుందని. రంగుల చక్రం గీసి చూస్తే తర్కం బాగానే ఉంటుంది. కానీ సీడీ లేజర్ ఎరుపు కాదు, ఎరుపు దాటాక వచ్చేది. మామూలు ఆకుపచ్చ సిరాల్లోని రంగులు చాలావరకు అక్కడ పారదర్శకంగా ఉంటాయి. పక్కింటి గోడకు రంగేసి మన కిటికీ మూశామనుకున్నట్టే.

దీన్ని మీరే చూడొచ్చు. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద ఆ పెన్నుతో ముద్దగా ఓ మచ్చ వేయండి. టీవీ రిమోట్ ముందు చివర దాన్ని అడ్డం పెట్టి, బటన్ నొక్కుతూ ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి. వెనక కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది. ముందు కెమెరాల్లో చాలావరకు రిమోట్ వెలుగు ఊదా తెలుపు చుక్కలా కనిపిస్తుంది. నా దగ్గరున్న పెన్నుతో వేసిన మచ్చ వెనక నుంచి ఆ చుక్క నిక్షేపంగా మిణుకుమంది. రిమోట్ కాంతి సాధారణంగా 940 నానోమీటర్లది, సీడీ లేజర్‌తో అచ్చంగా సమానం కాదు. కానీ కంటికి చిక్కటి ఆకుపచ్చగా కనిపించేది ఇన్‌ఫ్రారెడ్‌కు పారదర్శకమైన గాజులా ఉండగలదని అర్థం కావడానికి అది చాలు.

ఇంకో సాక్ష్యం చాలామంది ఇళ్ళల్లోనే ఉండేది. మొదటి తరం ప్లేస్టేషన్ ఆటల డిస్కులు అడుగున నల్లగా ఉండేవి, గుర్తుందా? కంటికి కాటుకలా ఉన్న ఆ ప్లాస్టిక్ గుండా లేజర్ హాయిగా పోయి డేటా చదివేది. రంగు చూసి కాంతి ఆగుతుందో లేదో చెప్పలేమనడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. తిరగేసి చెప్పాలంటే, కార్బన్ మసి కలిసిన నలుపు ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా మింగేస్తుంది. అంచును మూయాలన్నదే పట్టుదలైతే ఆకుపచ్చ కంటే మసి నలుపే నయం. కానీ ఆ పేరుతో అమ్మితే అందులో మంత్రం ఏముంది!

డీవీడీ, ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) వాళ్ళకు ఒక మాట. వాటి లేజర్ 650 నానోమీటర్లది, అసలైన ఎరుపు. అక్కడ ఆకుపచ్చ సిరా కాంతిని మింగగలదు. కాబట్టి పెన్ను తర్కం సీడీకంటే అక్కడే కాస్త నిలబడుతుంది. కానీ తప్పులు దిద్దే పద్ధతి అక్కడా ఉంది, ఇంకా గట్టిది. బ్లూరే 405 నానోమీటర్లకు వెళ్ళిపోయింది, దాన్ని ఈ చర్చలోకి లాగక్కర్లేదు.

ప్రమాదం సంగతి. పర్మనెంట్ మార్కర్లలో ఉండే కొన్ని ద్రావకాలు లేబుల్ వైపున్న లక్కపూతను తినగలవు. ఆ పూత కిందే అల్యూమినియం పొర. అంచు దగ్గర పూత సరిగా మూసుకోని డిస్కుల్లో సిరా లోపలికి పాకితే గాలి, తేమ వెనకే వస్తాయి. వేసిన రంగు తీయడమూ తేలిక కాదు.

పిట్టకథ ఒకటి. మార్కర్ పెన్ను సీడీ మీద నిజంగా పనిచేసిన సందర్భం ఒకటుంది, ధ్వనికి సంబంధం లేనిది. 2002లో కొన్ని ఆడియో సీడీలకు కాపీ కాకుండా తాళం వేశారు. కంప్యూటర్‌ను తికమక పెట్టే ఒక డేటా ట్రాక్‌ను డిస్క్ వెలుపలి భాగంలో పెట్టేవారు. చదివే ముఖం మీద, సరిగ్గా ఆ చోట మార్కర్‌తో గీత గీస్తే డ్రైవ్‌కు ఆ ట్రాక్ కనిపించక, పాటలు మామూలుగా కాపీ అయిపోయేవి. అంత ఖర్చు పెట్టిన తాళానికి బడి పిల్లాడి పెన్ను తాళంచెవి అయింది.

## రింగులు, మ్యాట్లు

రింగు అంటే డిస్క్ అంచు చుట్టూ అంటించే రబ్బరు లేదా ప్లాస్టిక్ పట్టీ. కాంతిని ఆపడమే కాక డిస్క్ స్థిరంగా తిరుగుతుందని కూడా చెబుతారు. దీని మీద నాకు వ్యక్తిగతంగా కోపం ఉంది. మే నెల ఎండల్లో జిగురు మెత్తబడి, రింగు ఓ పక్కకు జారి, ట్రే బయటికి రాకుండా ఇరుక్కుంది. హైదరాబాద్ కోఠిలో రిపేరు చేసిన పెద్దాయన మూత విప్పి, రింగును పట్టకారుతో తీసి నా చేతిలో పెడుతూ, "ఏంటి సార్, సీడీకి జరీ అంచు కుట్టించారా?" అన్నాడు. జవాబు లేదు. డబ్బులిచ్చి వచ్చేశాను.

మ్యాట్ వేరు. డిస్క్ లేబుల్ ముఖం మీద ఊరికే పరిచే పలుచటి నల్ల బిళ్ళ. అంటించేది కాదు కాబట్టి తీసేస్తే డిస్క్ ముందున్నట్టే ఉంటుంది. కాంతి విషయంలో చేసేది దాదాపు ఏమీ లేదు. అల్యూమినియం పొర అవతలికి పోయే కాంతే అత్యల్పం. మెల్లగా తిరిగే డిస్క్ కంపనాన్ని కాస్త తగ్గిస్తుందని కొందరంటారు. సీడీ లోపలి చుట్ల దగ్గర నిమిషానికి 500 చుట్లు, బయటి చుట్ల దగ్గర 200 చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి కంపనం పెద్ద సమస్య కాదు. మందం ఎక్కువైతే పైనుంచి పట్టుకునే బిగింపు సరిగా కూర్చోదు, లేదా డిస్క్ ఎత్తు మారి లెన్స్ ఇబ్బంది పడుతుంది. ట్రే ఉన్న ప్లేయర్‌లో, పైన ఖాళీ ఉందని చూసుకుని వాడితే నష్టం లేదు. కారులో సీడీని మింగే చీలిక ఉన్న ప్లేయర్లలో మ్యాట్‌గానీ రింగుగానీ పెట్టారో, మెకానిక్ దగ్గరికి టికెట్ తీసుకున్నట్టే.

## అంచు చెక్కే యంత్రం

ఇది పెద్దవాళ్ళ ఆట. జర్మనీలో ఆడియో డెస్క్ సిస్టెమ్ తయారు చేసింది బాగా తెలిసినది. డిస్క్‌ను దాని మీద బిగించి తిప్పుతూ, అంచును బ్లేడుతో ఏటవాలుగా చెక్కి, ఆపైన నల్ల సిరా పూస్తారు. ధర వందల డాలర్లలో. ఏటవాలు అంచు వల్ల లోపల చిక్కిన కాంతి వెనక్కి తిరక్కుండా బయటికి పోతుందన్నది వాదన. అన్ని వస్తువుల్లోకీ భౌతికశాస్త్రానికి దగ్గరగా ఉన్న వాదన ఇదే, ఒప్పుకోవాలి. అయితే పైన చెప్పుకున్నట్టు ఆ కాంతి చేసే చెడు ముందే అతి చిన్నది.

రెండో వాదన, డిస్క్ గుండ్రంగా అవుతుందని, కాబట్టి ఊగకుండా తిరుగుతుందని. అంచు గుండ్రంగా ఉండటం వేరు, గుంటల చుట్లు మధ్య రంధ్రానికి సరిగ్గా కేంద్రంలో ఉండటం వేరు. రెండోది కర్మాగారంలోనే ఖాయమైపోతుంది. బ్లేడు దాన్ని మార్చలేదు. బరువు సమతూకం ఏ కొంచెమో మెరుగుపడొచ్చు, కానీ అది నిమిషానికి పదివేల చుట్లు తిరిగే కంప్యూటర్ డ్రైవ్‌కు ముఖ్యం, ఐదు వందల చుట్ల ప్లేయర్‌కు కాదు. చెక్కిన ప్లాస్టిక్ తిరిగి రాదు. వచ్చే సన్నటి పొట్టు సరిగా తుడవకపోతే లెన్స్ మీదికి చేరుతుంది.

## నల్ల సీడీ-ఆర్ మీదికి కాపీ

అసలు డిస్క్‌ను కంప్యూటర్‌లోకి తీసుకుని, నల్ల ప్లాస్టిక్ ఉన్న సీడీ-ఆర్ మీద రాసుకుంటే అసలు కంటే బాగా వినిపిస్తుందని చెప్పేవాళ్ళున్నారు. ఆ నలుపు కూడా ప్లేస్టేషన్ నలుపు లాంటిదే. లేజర్‌కు అడ్డం కాకూడదు కాబట్టే అది డిస్క్‌గా పనిచేస్తోంది. మంచి విషయమేమిటంటే అసలు డిస్క్‌కు ఏమీ కాదు, కారులో కాపీ వాడుకోవచ్చు. చెడు విషయం, సీడీ-ఆర్‌లోని రంగుపూత ఎండకూ వేడికీ వెలిసిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద వదిలేసి వెళ్ళకండి. చెరిపి మళ్ళీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ అసలు వద్దు. దాని నుంచి తిరిగొచ్చే కాంతి 15 నుంచి 25 శాతమే, మామూలు సీడీకి కనీసం 70 ఉండాలి. పాత ప్లేయర్లు చాలావరకు దాన్ని గుర్తుపట్టవు.

పైన రుద్దే ద్రవాల గురించి ఎక్కువ చెప్పేది లేదు. సన్నటి గీతలు నింపే పాలిష్ అయితే గీతలున్న డిస్క్‌కు పనికొస్తుంది. అది కాంతి మాయ కాదు, శుభ్రం. గీతలు లేని డిస్క్‌కు దానితో పనిలేదు.

## ఒక్కచోట చూస్తే

| వస్తువు | 780 దగ్గర కాంతిని ఆపుతుందా | తీసేస్తే డిస్క్ మామూలేనా | ప్లేయర్‌కు ప్రమాదం | నా మాట |
|---|---|---|---|---|
| ఆకుపచ్చ పెన్ను | చాలావరకు లేదు | కాదు | తక్కువ, డిస్క్‌కే ఎక్కువ | వద్దు |
| అంచు రింగు | పదార్థాన్ని బట్టి | జిగురు మిగులుతుంది | ఎక్కువ | అసలు వద్దు |
| పరిచే మ్యాట్ | ఆపాల్సినదే లేదు | అవును | ట్రే ప్లేయర్‌లో తక్కువ, చీలిక ప్లేయర్‌లో ఎక్కువ | సరదాకు సరే |
| అంచు చెక్కడం | కొంత దారి మళ్ళిస్తుంది | కాదు | పొట్టు మిగిలితే ఉంది | ఆ డబ్బు స్పీకర్లకు |
| నల్ల సీడీ-ఆర్ కాపీ | లేదు | అసలు డిస్క్ భద్రం | లేదు | కారుకు మంచిది |
| కడగడం, లెన్స్ తుడవడం | సంబంధం లేదు | అవును | జాగ్రత్తగా చేస్తే లేదు | మొదట ఇదే |

## "బిట్లు అవే అయినా ధ్వని మారదా?"

ఇది తెలివైనవాళ్ళు వేసే ప్రశ్న, దాటవేయకూడదు. వాళ్ళ వాదన ఇలా ఉంటుంది: డిస్క్ చదవడం కష్టమైనప్పుడు లెన్స్‌ను పైకీ కిందికీ, పక్కలకూ కదిపే చిన్న మోటార్లు ఎక్కువ కరెంటు లాగుతాయి, ఆ ఒడుదుడుకులు కరెంటు సరఫరా ద్వారా ధ్వని తయారయ్యే భాగంలోకి చొరబడతాయి. అసాధ్యం కాదు. ఒకే సరఫరా పంచుకునే చవక ప్లేయర్‌లో, గీతలు పడి ఊగుతున్న డిస్క్‌తో ఏదో కొంత ఉండొచ్చు. కానీ మోటార్లను కష్టపెట్టేవి వంకర, గీత, మురికి. అంచు నుంచి వచ్చే మసక వెలుగు కాదు. కాబట్టి ఈ వాదన నిజమైనా దానికి మందు తడిగుడ్డే, ఆకుపచ్చ పెన్ను కాదు.

చదివే సమయంలో వచ్చే చిన్న ముందువెనకల గురించి కూడా భయపెడతారు. చదివిన డేటా ముందు ఒక నిల్వలో పడుతుంది. అక్కడి నుంచి, చేతి గడియారంలో ఉండేలాంటి స్ఫటికం ఇచ్చే లయ ప్రకారం బయటికి పోతుంది. ఆ నిల్వ ఖాళీ కాకుండా, పొంగకుండా డిస్క్ వేగాన్ని ప్లేయరే సర్దుకుంటుంది. ఊరి చెరువులోకి నీళ్ళు ఎలా వచ్చినా తూములోంచి ఒకే ధారగా పోయినట్టు.

## ఇంట్లో తేల్చుకునే పద్ధతి

మొదటిది బిట్ల పరీక్ష, ఖర్చు లేనిది. సీడీలోని పాటలను కంప్యూటర్‌లోకి తీసే సాఫ్ట్‌వేర్ కావాలి: విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ఉచితం, మ్యాక్‌లో ఎక్స్ఎల్‌డీ. ఒక పాటను కంప్యూటర్‌లోకి తీసుకోండి. చివర్లో చూపే సరిచూపు సంఖ్యను కాగితం మీద రాసుకోండి. డిస్క్‌కు మీరు ఏం చేసినా, దానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీసి చూడండి. సంఖ్య అదే అయితే ఒక్క బిట్ కూడా మారలేదు. అక్యురేట్‌రిప్ అనే సదుపాయం మీ ఫలితాన్ని అదే డిస్క్ ఉన్న వేరేవాళ్ళ ఫలితాలతో కూడా పోల్చి చెబుతుంది.

కంప్యూటర్ డ్రైవ్ మళ్ళీ మళ్ళీ చదవగలదు, ప్లేయర్ ఒక్కసారే చదువుతుంది కదా అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. మీ ప్లేయర్‌కు డిజిటల్ అవుట్ ఉంటే దాన్ని సౌండ్‌కార్డ్‌లోకి ఇచ్చి రెండుసార్లు రికార్డు చేసి, రెండు ఫైళ్ళను వరసపెట్టి ఒకదాన్నుంచి ఒకటి తీసేయండి. మిగిలేది పూర్తి నిశ్శబ్దమైతే ప్లేయర్ రెండుసార్లూ అదే చదివింది.

రెండోది చెవుల పరీక్ష. ఇది బావతో చేసిందే చెబుతాను. ఒకే కంపెనీ ఒకే ముద్రణ సీడీలు రెండు, ఒకటి రంగేసింది, ఒకటి వేయనిది. బావ అటు తిరిగి కూర్చున్నాడు. మా అబ్బాయి ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే ఇంకొకటి పెట్టి, కాగితం మీద రాసుకున్నాడు. ఏది పెట్టాడో నాక్కూడా తెలియదు. తెలిస్తే నా మొహమే చెప్పేస్తుంది. పదిసార్లు. ఊరికే ఊహించేవాడికి పదింట్లో ఎనిమిది లేదా అంతకు మించి సరిపోయే అవకాశం 5.5 శాతం దాకా ఉంది, తొమ్మిది లేదా పది సరిపోయేది ఒక శాతం. అందుకే ముందే తొమ్మిది అని పందెం కట్టుకున్నాం. బావకు ఆరు సరిపోయాయి. "ఆరంటే సగం కంటే ఎక్కువే కదరా" అన్నాడు. నాణెం ఎగరేసిన మా వాడు, "మామయ్యా, ఈ నాణేన్ని అడిగినా ఆరు చెబుతుంది" అని నవ్వాడు.

అలాగని ముందు విన్నప్పుడు బావ అబద్ధం చెప్పలేదు. పాట రెండోసారి వింటున్నప్పుడు మృదంగం మీద మనసు పెడితే మృదంగం విడిగా వినిపిస్తుంది. రంగు వేసినా వేయకపోయినా.

## ఎవరికి ఏది

పాట మధ్యలో దూకుతోంది, కొన్ని డిస్కులు అసలు పట్టడం లేదు అనేవాళ్ళు కాంతి గురించి ఆలోచించడం మానేయండి. డిస్క్‌ను కుళాయి నీళ్ళ కింద పట్టి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్కతో వేలికొసలతో మెల్లగా రుద్దండి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తుడవకూడదు. గుండ్రంగా పడ్డ గీత ట్రాక్ వెంట పోతుంది, ఆ 2.5 మిల్లీమీటర్ల హద్దును సులువుగా దాటేస్తుంది. అడ్డంగా పడ్డ గీత ట్రాక్‌ను కొంచెం తాకి పోతుంది. అప్పటికీ దూకితే లెన్స్. ప్లగ్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూది పుల్లతో పువ్వును తాకినట్టు తాకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో, వంటింటి పక్కన ప్లేయర్ ఉన్న ఇళ్ళల్లో దీనితోనే చాలావరకు బాగుపడతాయి.

మళ్ళీ దొరకని సీడీలున్నవాళ్ళు, అంటే ఏ సభవాళ్ళో కొన్ని వందలు వేసి పంచిన కచేరీలు, ఇంటి పెద్దల పాటలు ఉన్నవాళ్ళు: డిస్క్‌కు ఏదీ పూయకండి, అంటించకండి. ఈ వారమే కంప్యూటర్‌లోకి తీసుకుని రెండుచోట్ల దాచుకోండి.

మార్పులు చేసి చూడటమే సరదా అనేవాళ్ళను నేను ఆపను. నాకూ ఆ జబ్బు ఉంది. మ్యాట్ కొనండి, తిరిగి తీసేయగలిగేది అదొక్కటే. నాణెం పరీక్ష కూడా సరదాలో భాగం చేసుకోండి.

పదివేలు చేతిలో ఉన్నవాళ్ళు ముందు గది చూడండి. మొజాయిక్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో ఓ మందపాటి తివాచీ, కిటికీకి బరువైన కర్టెన్, స్పీకర్లను మూల నుంచి ఒక అడుగు ముందుకు జరపడం. దీని తేడా ఎవరి కళ్ళకూ గంతలు కట్టకుండానే తెలుస్తుంది.

ఇప్పటికే రంగేసుకున్నవాళ్ళకు చివరి మాట. దాన్ని తీయాలని థిన్నర్‌గానీ నెయిల్ పాలిష్ తీసే ద్రవంగానీ తాకించకండి. అందులోని అసిటోన్ పాలీకార్బనేట్‌ను మసకబార్చి పగుళ్ళు తెస్తుంది. గీకకండి కూడా. ఒకసారి కంప్యూటర్‌లోకి తీసి, తప్పులు లేవని చూసుకుని, డబ్బాలో పెట్టేయండి. మా ఆకుపచ్చ అంచు సినిమా పాటల సీడీ అలాగే ఉంది, తప్పు ఒక్కటీ చూపకుండా చదువుతోంది. దాని కవల కూడా అంతే.